చెల్లె బుగ్గలు రెండు వైపులా ఉబ్బాయి, జ్వరం లేదు, నొప్పి లేదు. గవదబిళ్ళలేనా?

తంగేడుపువ్వు_హన్మకొండ
మూడు రోజులుగా ఇంట్లో ఇదే టెన్షన్. మా చెల్లెకు పంతొమ్మిదేళ్లు, హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఎంగిలిపూల బతుకమ్మకు నాలుగు రోజుల ముందే ఇంటికి వచ్చింది. బస్సు దిగినప్పుడే బుగ్గలు కొంచెం బొద్దుగా కనిపించాయి, హాస్టల్ తిండి వంటబట్టిందేమో అనుకున్నాం. నాలుగో రోజుకు ముఖం ఆకారమే మారిపోయింది. కళ్ల దగ్గర కాదు, చెవుల ముందు నుంచి దవడ మూల దాకా రెండు వైపులా ఉబ్బు. ఎంగిలిపూల నాడు అమ్మ బుట్టకమ్మలు పెడితే అవి నిలువుగా వేలాడలేదు. చెవి తమ్మెను కింది నుంచి ఏదో తోసినట్టు పక్కకు ఒరిగాయి.

జ్వరం లేదు, నమిలితే నొప్పి లేదు, ముట్టుకుంటే మెత్తగానే ఉంది. థైరాయిడ్ పరీక్ష చేయిస్తే నార్మల్. అమ్మమ్మేమో గవదబిళ్ళలంటోంది. మా వీధి ఆర్ఎంపీ చూసి ఒంట్లో నీరు పట్టిందని గోలీలు ఇచ్చాడు, రెండు రోజులుగా వేస్తున్నాం. పాదాలు కూడా కొంచెం ఉబ్బాయి. పూలు తెచ్చిన వాళ్లూ పలకరించడానికి వచ్చిన వాళ్లూ "ఏమైంది బిడ్డా, ముఖం ఇట్లయింది" అని అడుగుతుంటే అది గది దాటి రావడం లేదు. ఎవరికైనా ఇలా అయిందా?

మంచిర్యాల_మామయ్య
గవదబిళ్ళలే. మా చిన్నప్పుడు ఊళ్లో ఒక పెద్దాయన మంత్రం వేసి పట్టు పెట్టేవాడు, వారం తిరిగేసరికి మాయం. కంగారు పడకండి.

నర్సక్క_కాజీపేట
మామయ్యా, మంత్రం వేసినా వేయకపోయినా గవదబిళ్ళలు వారం పది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు మంత్రానికి వస్తుంది. కానీ వాటికి సాధారణంగా జ్వరం ఉంటుంది, నమిలితే నొప్పి ఉంటుంది, చాలాసార్లు ముందు ఒక వైపు మొదలై తర్వాత రెండో వైపుకు వస్తుంది. ఇక్కడ అవేమీ లేవు.
తంగేడుపువ్వు, ఆ నీరు గోలీల స్ట్రిప్ మీద పేరు చూసి చెప్పండి.

తంగేడుపువ్వు_హన్మకొండ
ఫ్యూరోసెమైడ్ అని ఉంది అక్కా.

నర్సక్క_కాజీపేట
ఇక వేయకండి. ఎందుకు ఉబ్బిందో తెలియకుండా వేసే గోలీ కాదది. మూత్రంతో పాటు పొటాషియం కూడా పోతుంది. రేపు పొద్దున్నే పొటాషియం, సోడియం, క్రియాటినిన్ చేయించండి, ఈసీజీ కూడా తీయించండి. గుండె దడ, కళ్లు తిరగడం, కాళ్లు చేతులు లాగేయడం ఉంటే పొద్దుటి దాకా ఆగొద్దు, ఇప్పుడే దవాఖానకు తీసుకెళ్లండి.

ములుగు_రోడ్డు
పక్కింటి అబ్బాయికి ఇలాగే అయితే లాలాజల గ్రంథిలో రాయి అన్నారు. స్కాన్ చేస్తే తెలిసింది.

పళ్ల_డాక్టర్_సుబేదారి
రాయి సాధారణంగా ఒక్క వైపే వస్తుంది, అన్నం ముందు కూర్చోగానే నొప్పి మొదలవుతుంది. ఇక్కడ రెండు వైపులా సమానంగా, నొప్పి లేకుండా ఉంది.

చెవి తమ్మె పక్కకు ఒరిగిందని రాశారు చూడండి, అది చాలా పనికొచ్చే మాట. చెవి ముందు, చెవి కింద ఉండే పరోటిడ్ గ్రంథి పెరిగితేనే అలా అవుతుంది. కొవ్వు పెరిగితే కాదు. ఇంకో ప్రశ్న, తప్పుగా అనుకోవద్దు. మీ చెల్లె పళ్లు ఈ మధ్య గమనించారా? చల్లటి నీళ్లకు జివ్వుమంటాయా? పై ముందరి పళ్ల అంచులు పలచబడ్డాయా?

తంగేడుపువ్వు_హన్మకొండ
అవును సార్. ఎండాకాలం సెలవుల్లో కూడా కుండ నీళ్లు తాగలేదు, మామూలు నీళ్లే కావాలంది. పళ్ల అంచులు వెలుతురులో గాజులా కనిపిస్తాయి, చిన్నప్పుడు అలా లేవు. పళ్లకూ బుగ్గలకూ సంబంధం ఏమిటి?

పళ్ల_డాక్టర్_సుబేదారి
ఉండొచ్చు. నేను చూడకుండా ఇదే అని చెప్పను, అవకాశం మాత్రం చెబుతాను. కడుపులోని ఆమ్లం మాటిమాటికీ నోట్లోకి వస్తే పై పళ్ల లోపలి వైపు, అంటే నాలుక తగిలే వైపు, ఎనామిల్ కరుగుతుంది. అదే మనిషికి రెండు పరోటిడ్ గ్రంథులూ పెరిగి ఉంటే మేము అడిగే మొదటి ప్రశ్న ఒకటే: తిన్న తర్వాత వాంతి చేసుకుంటున్నారా? బులీమియా అంటారు. ఆపుకోలేనంతగా తినేయడం, తర్వాత భయంతో, సిగ్గుతో దాన్ని బయటికి పంపేయాలని చూడటం. మనిషి బరువు చాలామందిలో మామూలుగానే ఉంటుంది, అందుకే ఇంట్లో వాళ్లకు ఏళ్ల తరబడి తెలియదు.
ఎక్కువగా మద్యం తాగేవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో కూడా ఈ గ్రంథులు ఇలా పెరుగుతాయి. అందుకే డాక్టర్‌కు చూపించాలి, ఊహతో ఆగొద్దు.

ఊరిమాట_జమ్మికుంట
ఇది డబ్బున్నోళ్ల జబ్బు సార్. ఇంగ్లండ్ డయానాకు ఉండేదని చదివాను. సద్ది కట్టుకుని పొలం పోయే ఇళ్లల్లో పిల్లలకు ఇవన్నీ ఎక్కడివి? ఆ అమ్మాయి మీద లేనిపోని మాట వేయకండి.

మట్టిగాజులు
డయానాకు ఉండేది నిజమే, 1995లో టీవీ ఇంటర్వ్యూలో తనే చెప్పింది. నాది మీ జమ్మికుంట దగ్గరి పల్లెటూరే అన్నా. నాన్న పత్తి వేస్తాడు. నాకు ఇంటర్‌లో మొదలై నాలుగేళ్లు ఉంది. సద్ది కట్టుకునే ఇంట్లోనే.

ఊరిమాట_జమ్మికుంట
తెలియక అన్నాను చెల్లె. ఏమనుకోకు.

మట్టిగాజులు
ఏమీ అనుకోను అన్నా. మా అమ్మ కూడా మొదట ఇదే మాట అంది.

తంగేడుపువ్వు అక్కా, అదే అయితే ఎలా అడగాలన్నది ముఖ్యం. మా ఇంట్లో నా బ్యాగు వెతికారు, బాత్రూమ్ తలుపు దగ్గర కాపలా కూర్చున్నారు. "తిన్న తిండి పారేస్తావా, అన్నం విలువ తెలుసా" అన్నారు. అన్నం విలువ నాకు తెలుసు. తెలుసు కాబట్టే సిగ్గుతో చచ్చిపోయాను, ఆ సిగ్గుతోనే ఇంకో ఏడాది దాచాను. మీరు ఒక్కరే ఉన్నప్పుడు, అన్నం దగ్గర కాకుండా వేరే చోట, మెల్లగా అడగండి. "నీ ముఖం" అని మొదలుపెట్టొద్దు. "పళ్లు జివ్వుమంటున్నాయి కదా, నీకు ఒంట్లో ఎట్లుంది" అని మొదలుపెట్టండి.

పోలీస్_కోచింగ్_కరీంనగర్
అక్క చెప్పింది నిజం. మగపిల్లలకూ ఉంటుంది, ఎవరూ అడగరంతే. నాకు బుగ్గలు ఉబ్బితే రూమ్‌లో వాళ్లు బూరె బుగ్గలోడు అని పేరు పెట్టారు. సరదాగానే అన్నారు. నేను ఆ రోజంతా ఏమీ తినలేదు, రాత్రి ఆగలేక అంతా తిన్నాను, మళ్లీ అదే కథ.

భీమారం_బాబాయ్
కానీ వెతకకపోతే ఎలా తెలుస్తుంది? పిల్ల ప్రాణం మీదికి వస్తే? అడిగితే లేదంటుంది, అంతేగా. తల్లిదండ్రులు ఊరుకుంటారా?

మట్టిగాజులు
ఊరుకోమనడం లేదు బాబాయ్. రేపు రక్త పరీక్ష ఎలాగూ చేయిస్తారు, పొటాషియం ఏమిటో అదే చెబుతుంది. నోటితో ఒప్పించడం కన్నా దవాఖానకు తీసుకెళ్లడం ముందు. ఒప్పుకోకపోయినా పరీక్ష ఆగదు.

మోడరేటర్
ఒక మనవి. బరువు అంకెలు, ఎలా చేస్తారన్న వివరాలు ఇక్కడ రాయకండి. ఈ జబ్బుతో ఉన్నవాళ్లు కూడా ఈ చర్చ చదువుతారు. రెండు పోస్టులు తీసేశాను, రాసినవారు అర్థం చేసుకుంటారని ఆశ.

తంగేడుపువ్వు_హన్మకొండ
అడిగాను.

సాయంత్రం మేడ మీద ఇద్దరం గునుగు పూలకు రంగులు అద్దుతున్నాం. అమ్మ కింద తాంబాళంలో తంగేడు పేరుస్తోంది. ఇద్దరి చూపూ పూల మీదే ఉంది కాబట్టి మాట్లాడటం తేలికైంది. దాని వేళ్లన్నీ గులాబీ రంగయ్యాయి, కుడి చేతి కణుపుల మీద మాత్రం రెండు చోట్ల రంగు పట్టలేదు. అక్కడ చర్మం గట్టిపడి తెల్లగా ఉంది. ఇన్ని రోజులు నేను ఆ చెయ్యి చూడనే లేదు. పళ్ల సంగతి అడిగాను. చాలాసేపు కాడలు సమానంగా కోస్తూ కూర్చుంది. తర్వాత చెప్పింది. ఏడాదిన్నర నుంచట.

నన్ను పిండేసిన మాట ఒకటుంది. ఈసారి పండగకు ఇంటికి వస్తూ బస్సులోనే గట్టిగా అనుకుందట, ఇక చేయను అని. వచ్చిన రోజు నుంచి ఒక్కసారి కూడా చేయలేదట. నాలుగో రోజుకు ముఖం ఇలా అయింది. "అక్కా, మానేస్తే ఇట్లయింది. తిన్నదంతా బుగ్గలకే వచ్చింది. మానకపోతేనే నయముండె" అంది. దీనికి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. పొద్దున దవాఖానకు వెళ్తున్నాం.

మట్టిగాజులు
అక్కా, ఇది ఆమెకు చదివి వినిపించండి.

చెల్లీ, నాకూ అచ్చం ఇలాగే అయింది. మానేసిన మూడో నాలుగో రోజుకు దవడల పక్కన రెండు నిమ్మకాయలు పెట్టినట్టు వాచింది. నువ్వు అనుకున్నదే నేనూ అనుకున్నాను, తిన్నదంతా ముఖానికి చేరిందని. కాదు. ఇన్ని రోజులు అతిగా పనిచేసి పెద్దవైన లాలాజల గ్రంథులవి, కొవ్వు కాదు. వాంతులు ఆపిన మూడు నాలుగు రోజులకు ఒక్కసారిగా వాచడం మామూలే, డాక్టర్లకు బాగా తెలిసిన సంగతి ఇది. నాకు మాత్రం ముందు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ నాలుగో రోజు నేను మళ్లీ మొదలుపెట్టేదాన్ని కాదు. మళ్లీ చేస్తే ఒకటి రెండు రోజులు తగ్గినట్టు అనిపించింది, ఆ తర్వాత ఇంకా పెరిగింది. అలా మూడుసార్లు మోసపోయాను.

నాలుగోసారి ఆగాను. దాదాపు ఐదు వారాలకు దవడ గీత మళ్లీ కనిపించింది. నీ ముఖం వాచిందంటే నువ్వు ఆపావనే. నువ్వు చేసింది చాలా కష్టమైన పని.

పోలీస్_కోచింగ్_కరీంనగర్
ఇది నాకూ తెలియదు. రెండు నెలల కింద మానేసి, ముఖం చూసి భయపడి మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడే తెలిసింది ఎందుకో.

మట్టిగాజులు
తమ్ముడూ, నువ్వు కూడా పొటాషియం చేయించుకో. నిజంగా చెబుతున్నా.

రక్తపరీక్ష_హుజూరాబాద్
ల్యాబ్‌లో పనిచేస్తాను. పాదాల వాపు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. బుగ్గల వాపు వేరు, పాదాల వాపు వేరు. వాంతులతో నీరు, ఉప్పు పోతూ ఉంటే శరీరం ఉన్న ఉప్పునైనా పట్టి ఉంచుకోవాలని ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్‌ను పెంచుతుంది. అది ఉప్పును దాచి పొటాషియాన్ని మూత్రంలోకి వదిలేస్తుంది. వాంతులు ఆపినా ఆ హార్మోన్ వెంటనే దిగదు, తాగిన నీళ్లను కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు మూడు వారాలు, పట్టి ఉంచుతుంది. పాదాలూ కళ్ల కిందా ఉబ్బేది అందుకే. అప్పుడు నీరు గోలీ వేస్తే శరీరం ఇంకా నీరు పోతోందనుకుని ఆ హార్మోన్‌ను ఇంకా పెంచుతుంది. గోలీ ఆపగానే వాపు రెట్టింపై వస్తుంది.

ఇంకోటి. రిపోర్టులో ఎమైలేజ్ అనే ఎంజైమ్ ఎక్కువగా ఉంటే క్లోమం చెడిందని హడలిపోకండి. లాలాజల గ్రంథుల నుంచి కూడా ఎమైలేజ్ వస్తుంది. లైపేజ్ కూడా చేయించమనండి, అది మామూలుగా ఉంటే చాలావరకు క్లోమం సమస్య కాదు. తేల్చేది డాక్టరే.

నర్సక్క_కాజీపేట
బాగా రాశావు తమ్ముడూ. డ్రిప్ కూడా అంతే. నీరసంగా ఉంది కదా అని బయట ఎక్కడో సెలైన్ గబగబా ఎక్కిస్తే ఒళ్లంతా ఉబ్బుతుంది. మా వార్డులో అలా వచ్చిన అమ్మాయిని చూశాను. డాక్టర్‌కు వాంతుల సంగతి దాచకుండా చెప్పండి, చెప్తేనే నెమ్మదిగా ఎక్కిస్తారు. కణుపుల మీద మచ్చలు కూడా చూపించండి. 1979లో ఈ జబ్బుకు పేరు పెట్టిన రస్సెల్ అనే డాక్టర్ రాసిన గుర్తే అది.

తంగేడుపువ్వు_హన్మకొండ
పొటాషియం 2.9 వచ్చింది. 3.5 నుంచి 5 మధ్య ఉండాలట. ఈసీజీ చూసి అడ్మిట్ చేసుకున్నారు. పొటాషియం మెల్లగా ఎక్కిస్తున్నారు, పక్కన గుండె మానిటర్ పెట్టారు. మెగ్నీషియం కూడా చూశారు. ఎమైలేజ్ ఎక్కువ, లైపేజ్ నార్మల్, హుజూరాబాద్ అన్న చెప్పినట్టే.
డ్యూటీ డాక్టర్ మేడమ్ చెల్లె బుగ్గలు తడిమి చూసి "ఇవి తగ్గుతాయి, నువ్వు ఆపావు కదా" అంది. మా చెల్లె ఏడ్చేసింది. నేనూ.
అమ్మకు ఇంకా పూర్తిగా చెప్పలేదు.

భీమారం_బాబాయ్
2.9 అంటే ప్రమాదమేనా?

నర్సక్క_కాజీపేట
ఇంకా దిగితే గుండె లయ తప్పుతుంది బాబాయ్. బయటికి మనిషి నడుస్తూ నవ్వుతూనే ఉంటుంది. అందుకే గోలీల పేరు అడిగాను.

మంచిర్యాల_మామయ్య
నేను మంత్రం అన్నందుకు సిగ్గుగా ఉంది బిడ్డా. పిల్ల జాగ్రత్త.

తంగేడుపువ్వు_హన్మకొండ
మీరేం చేస్తారు మామయ్యా, మా అమ్మమ్మ అన్నదీ అదే మాట. ఆమె ఇప్పుడు మంచం పక్కనే కూర్చుని జుట్టు దువ్వుతోంది.

ములుగు_రోడ్డు
వాపు త్వరగా తగ్గడానికి నిమ్మ చాక్లెట్లు చప్పరించమంటారు కదా? లాలాజలం ఊరి గ్రంథి ఖాళీ అవుతుందని.

పళ్ల_డాక్టర్_సుబేదారి
పుల్లనివి చప్పరించమని కొందరు డాక్టర్లు చెప్పే మాట నిజమే, లాలాజలం ఊరుతుంది. పళ్ల డాక్టర్‌గా నాకది ఇష్టం లేదు. ఎనామిల్ పోయిన పళ్లకు మళ్లీ పులుపు, పైగా చక్కెర. చక్కెర లేని చూయింగ్ గమ్ నమిలినా లాలాజలం ఊరుతుంది. వేడి నీళ్లలో పిండిన గుడ్డతో రోజుకు నాలుగైదుసార్లు కాపడం పెట్టండి, మంట పుట్టేంత వేడి వద్దు.

రక్తపరీక్ష_హుజూరాబాద్
సార్, మా దగ్గర చెవి ముక్కు గొంతు డాక్టర్ నిమ్మ బిళ్లలే రాస్తారు, తగ్గినవాళ్లను చూశాను.

పళ్ల_డాక్టర్_సుబేదారి
తగ్గదని నేననలేదు. ఆ అమ్మాయి పళ్లు ఇప్పటికే గాజులా ఉన్నాయని వాళ్ల అక్క రాసింది. ఆమెకు వద్దంటున్నాను. చక్కెర లేని పుల్ల బిళ్లలు దొరికితే, చప్పరించాక నీళ్లతో పుక్కిలిస్తే సరే.

ఒకటి అందరికీ. ఎప్పుడైనా వాంతి అయితే వెంటనే బ్రష్ చేయకండి. ఆమ్లంతో మెత్తబడిన పంటి పైపొర బ్రష్‌తో లేచిపోతుంది. మామూలు నీళ్లతో, లేదా చిటికెడు వంటసోడా కలిపిన నీళ్లతో పుక్కిలించండి. బ్రష్ కనీసం అరగంట తర్వాత.

కొత్తగా_చేరాను
పేరు చెప్పలేను. నాకూ ఇలాగే ఉంది. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎక్కడికి వెళ్లాలి? మానసిక డాక్టర్ అంటే మా ఊళ్లో పిచ్చి అంటారు.

మట్టిగాజులు
రాశావు కదా, అదే పెద్ద అడుగు. ముందు 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్, ప్రభుత్వానిది, డబ్బులు పడవు, రాత్రయినా పగలైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. వరంగల్ దగ్గర ఉంటే ఎంజీఎం ప్రభుత్వ దవాఖానలో మానసిక వైద్య విభాగం ఉంది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు పక్కన కూర్చున్నావిడ నిద్ర పట్టడం లేదని వచ్చింది, ఇంకొకాయన తాగుడు మానడానికి. ఎవరి బాధ వాళ్లది, ఎవరూ ఎవరినీ చూడరు.

చికిత్స అంటే ఏమిటో కూడా చెబుతా. పూటలు తప్పకుండా టైమ్‌కు తినడం నేర్పిస్తారు, మూడు పూటలు, మధ్యలో చిన్న తిండి. ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంటేనే ఆ ఆగలేని ఆకలి వస్తుంది. ఏ ఆలోచన తర్వాత చేయాలనిపిస్తుందో రాసుకుని వాళ్లతో మాట్లాడాలి. కొందరికి ఫ్లూక్సెటిన్ అనే మందు ఇస్తారు, ఈ జబ్బుకు పనిచేస్తుందని తేలిన మందు. మోతాదు డాక్టరే చూస్తారు. పక్కవాళ్ల చీటీ చూసి కొనొద్దు.

నర్సక్క_కాజీపేట
కొత్తగా చేరినమ్మా, కళ్లు తిరిగినా దడ వచ్చినా వాంతిలో రక్తం కనిపించినా ఫోన్లు పక్కన పెట్టి నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లు.

కొత్తగా_చేరాను
సరే అక్కా. రేపు ఫోన్ చేస్తాను.

తంగేడుపువ్వు_హన్మకొండ
మూడున్నర వారాలైంది, అడిగిన వాళ్లందరి కోసం రాస్తున్నా. అడ్మిట్ అయిన మూడో రోజు ఇంటికి పంపారు, పొటాషియం 3.8. సద్దుల బతుకమ్మకు కిందికి దిగి ఆడలేదు, మేడ మీద నుంచి చూసింది. పాదాల వాపు పది రోజుల్లో పోయింది. బుగ్గలు కుడి వైపు బాగా తగ్గాయి, ఎడమ వైపు ఇంకా ఉంది. పొద్దున, సాయంత్రం కాపడం పెడుతున్నాం, అమ్మమ్మే గుడ్డ పిండి ఇస్తుంది. వారానికోసారి కౌన్సెలింగ్‌కు వెళ్తోంది.

అమ్మకు చెప్పాం. మొదటి రోజు ఏమీ మాట్లాడలేదు. రెండో రోజు నుంచి ఇంటికి ఎవరొచ్చినా గుమ్మంలోనే చెబుతోంది, పిల్ల ముఖం గురించి, లావు సన్నం గురించి మాట్లాడొద్దని. మా పెద్దమ్మ అలిగింది కూడా. అలిగినా ఫరవాలేదంది అమ్మ.

పోయిన గురువారం ఒకసారి మళ్లీ వాంతి చేసుకుంది. తనే వచ్చి చెప్పింది. నేను ఏమీ అనలేదు, పుక్కిలించడానికి వంటసోడా నీళ్లు కలిపి ఇచ్చాను. పక్కన కూర్చున్నాను. మళ్లీ ముఖం వాస్తుందా అని అడిగింది. తెలియదన్నాను.

మట్టిగాజులు
కొంచెం వాయొచ్చు, భయపడొద్దని చెప్పండి. నాకు అలా మధ్యలో ఏడెనిమిదిసార్లు జరిగింది. తనే వచ్చి చెప్పింది చూడండి, నేను ఆ మాట మా అక్కతో చెప్పడానికి రెండేళ్లు పట్టింది.

పోలీస్_కోచింగ్_కరీంనగర్
నా పొటాషియం 3.4 వచ్చింది. డాక్టర్‌ను కలిశాను, అన్నీ చెప్పాను. మానేసి ఇవాళ్టికి ఆరో రోజు. బుగ్గలు ఉబ్బాయి. ఈసారి ఎందుకో తెలుసు కాబట్టి ఊరుకున్నాను.

రక్తపరీక్ష_హుజూరాబాద్
తంగేడుపువ్వు, గురువారం వాంతి అయిందన్నారు కదా, ఆ తర్వాత పొటాషియం మళ్లీ చూపించారా?

తంగేడుపువ్వు_హన్మకొండ
లేదు అన్నా. సోమవారం కౌన్సెలింగ్ ఉంది, అక్కడే రక్తం ఇచ్చి వస్తాం.

నర్సక్క_కాజీపేట
సోమవారం దాకా ఎందుకు, రేపే ఇవ్వండి.

తంగేడుపువ్వు_హన్మకొండ
సరే అక్కా, రేపే.